లవకుశ మరల తీయవచ్చునా?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



కార్యవర్గమువారు నన్ను రామాయణ కావ్యములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమనిరి. నేను సినిమాను గూర్చి చెప్పెదనంటిని. వారు ఒకరి మొగమొకరు చూచుకొనిరి. గ్రంథాలయ సభలో సినిమా ప్రసంగమేమి అని వారి సందేహము. ఆ సందేహము న్యాయమైనదే. కాని నేను గురుముఖమున చదివినవాడను కాను. పగలు లెక్కలు వ్రాసి, రాత్రి శబ్దరత్నాకరమును ప్రక్కన పెట్టుకొని, పద్యమునకొక గంట చొప్పున కూడబలుకుకొన్నవాడను. అట్టి నాకు తిక్కనకంటె ముందుగా ఉత్తర రామాయణమును నేర్పినది గుడారపు సినిమా. ఆ ఋణము తీర్చుకొనుటకును, నేను చేసిన యొక తప్పును సభాముఖమున చెప్పుకొనుటకును ఈ విషయమును ఎన్నుకొంటిని.

ముందుగా జరిగిన సంగతులను సంవత్సరముల వారీగా మనవి చేసెదను. అది నా వృత్తిధర్మము.

1934వ సంవత్సరమున కలకత్తాలోని ఈస్టిండియా ఫిలిం కంపెనీవారు, చిత్తజల్లు పుల్లయ్యగారి దర్శకత్వమున 'లవకుశ' చిత్రమును తీసిరి. పారుపల్లి సుబ్బారావుగారు రాముడు, శ్రీరంజనిగారు సీత. తెలుగున మాటలాడు చిత్రములు మొదలై అప్పటికి కొద్ది యేండ్లే. తెరపై నటించువారే గొంతెత్తి పాడవలసిన కాలమది. పల్లెలనుండి జనులు బండ్లు కట్టుకొని, తీర్థమునకు పోయినట్లు ఆ చిత్రమునకు పోయిరి. మా తాతగారు ఇక్కడినుండి నరసరావుపేట వరకు బండిలోను, అటుపై రైలులో గుంటూరునకును పోయి చూచి వచ్చిరట.

ఆ పుల్లయ్యగారే తాను తీసిన కథను తానే మరల తీయ పూనుకొనిరి. నిర్మాత శంకరరెడ్డిగారు. నడుమ ధనము చాలక చిత్రము ఏండ్ల తరబడి నిలిచిపోయినది. పుల్లయ్యగారి ఆరోగ్యము చెడినది. మిగిలిన భాగమును వారి కుమారులు సి.ఎస్. రావుగారు పూర్తిచేసిరి. 1963వ సంవత్సరము మార్చి 29వ తేదీన అది విడుదలయ్యెను. పూర్తి నిడివిగల రంగుల తెలుగు చిత్రములలో అదియే మొదటిది. నందమూరి తారక రామారావుగారు రాముడు, అంజలీదేవిగారు సీత, నాగయ్యగారు వాల్మీకి. సంగీతము ఘంటసాలవారిది. సదాశివబ్రహ్మముగారు, సముద్రాలవారు, కొసరాజువారు మున్నగువారి రచనలతో పాటలు, పద్యములు కలిసి ముప్పదికి పైగా ఉన్నవి. లవకుశుల గానమునకు లీల, సుశీల గార్లు కంఠము లిచ్చిరి.

పిమ్మట నలుబదియెనిమిదేండ్లకు, 2011వ సంవత్సరము నవంబరు 17వ తేదీన, ఆ కథయే 'శ్రీరామరాజ్యం' అను పేర వచ్చినది. దర్శకులు బాపుగారు, రచన ముళ్లపూడి వెంకటరమణగారిది. రమణగారు ఆ సంవత్సరము ఫిబ్రవరిలోనే కాలధర్మము చెందిరి. తాము వ్రాసిన చిత్రమును ప్రజలు చూచుటను వారు చూడలేదు. బాపుగారికి అదియే కడపటి చిత్రమైనది. 2014లో వారును వెడలిపోయిరి. రామారావుగారి కుమారులు బాలకృష్ణగారు రాముడు, నయనతారగారు సీత, అక్కినేని నాగేశ్వరరావుగారు వాల్మీకి. సంగీతము ఇళయరాజాగారిది, పాటలు జొన్నవిత్తుల రామలింగేశ్వరరావుగారివి.

ఇవి సంగతులు. ఇక ప్రశ్న. 1963 నాటి చిత్రమును చూచి పెరిగిన మావంటివారము 2011లో ఒక్క గొంతుతో అడిగితిమి: "లవకుశను మరల తీయవచ్చునా? ఆ రాముడు నిలిచిన చోట ఇంకొకరు నిలువవచ్చునా? ఘంటసాల పాడిన చోట ఇంకొకరు పాడవచ్చునా?" అడుగుటయే గాని సమాధానమునకై ఆగలేదు. మా దృష్టిలో అది ప్రశ్న కాదు, తీర్పు.

ఈ తీర్పు నిలుచునా అని చూచుటకు కావ్యములకడకు పోవుదము. వాల్మీకి ఉత్తరకాండమున కుశలవులు నైమిశారణ్యమున అశ్వమేధ సందర్భమున రామకథను గానము చేసిరి. తండ్రితో యుద్ధము చేయలేదు. మనమందరము పిల్లతనమున కేకలు వేసి చూచిన ఆ యుద్ధము పద్మపురాణమునందును, జైమిని భారతమునందును ఉన్నది. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు జైమిని భారతమును తెనిగించెను. భవభూతి తన నాటకమున సీతారాములను తుదకు కలిపివేసెను. మన తిక్కన నిర్వచనోత్తర రామాయణమును పది యాశ్వాసములలో నడిపి, రామనిర్యాణమును చెప్పక కలము దించెను. ఆ మిగిలిన భాగమును తరువాత జయంతి రామభట్టు పూరించెను. గోన బుద్ధారెడ్డి పేర వెలసిన రంగనాథ రామాయణము యుద్ధకాండముతో ముగియగా, ఉత్తరకాండమును ద్విపదలో చెప్పినవారు ఆయన కుమారులు కాచవిభుడును, విట్ఠలరాజును. ఆ పిదప కొన్ని శతాబ్దములకు కంకంటి పాపరాజు ఉత్తర రామాయణమును మరల వ్రాసెను. "తిక్కన వ్రాసిన కథను నీవు వ్రాయవచ్చునా" అని పాపరాజును అడ్డగించియుండిన, ఆ కావ్యము మన బీరువాలో నుండెడిదే కాదు.

తండ్రి విడిచినది కుమారులు అందుకొనుట ఈ కథకు వంశపారంపర్యముగా వచ్చుచున్నట్లున్నది. బుద్ధారెడ్డి తరువాత ఆయన కుమారులు. పుల్లయ్యగారి తరువాత వారి కుమారులు. తెరపై రామారావుగారి తరువాత వారి కుమారులు. కథయే తండ్రి యెదుట కుమారులు పాడిన కథ గదా!

మన పల్నాటికి ఇది క్రొత్త విషయము కాదు. ఏటేట కార్తికమాసపు అమావాస్యనాడు కారెంపూడిలో వీరుల యారాధన మొదలగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు దినములు సాగును. వీరవిద్యావంతులు బాలచంద్రుని కథను పాడుదురు. నిరుడు పాడిన కథనే ఈ యేడును పాడుదురు. వినువారికి కథ తెలియును. బాలచంద్రుడు మడియునని తెలియును. అయినను ఆ ఘట్టము వచ్చునప్పటికి కండ్లు తుడుచుకొనని వారుండరు. "నిరుడు పాడితివి గదా, మరల ఏల" అని అడిగినవాడు కారెంపూడి చరిత్రలో ఉండడు. శ్రీనాథుని పేర మనకు దక్కిన పల్నాటి వీరచరిత్రమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో అచ్చు వేయించువరకు ఆ కథను నిలిపినది ముఖ్యముగా ఇట్లు మరల మరల పాడిన గొంతులే.

తెరమీదను మన కథ రెండుమార్లు వచ్చినది. గూడవల్లి రామబ్రహ్మముగారు 'పల్నాటి యుద్ధము'ను మొదలిడి, 1946లో దివంగతులు కాగా, ఎల్.వి. ప్రసాదుగారు పూర్తిచేసిరి. అది 1947లో విడుదలయ్యెను. కన్నాంబగారు నాయకురాలు నాగమ్మ. మరల 1966లో గుత్తా రామినీడుగారు తీసిరి. అందు భానుమతిగారు నాగమ్మ, రామారావుగారు బ్రహ్మనాయుడు. ఇద్దరు నాగమ్మలలో ఎవరు మిన్న అను వాదము మన రచ్చబండలమీద ఎన్ని సాయంకాలములు సాగినదో మీలో పెద్దలకు తెలియును. 1947లో బాలచంద్రుడై కత్తి పట్టిన అక్కినేనివారే, అరువదినాలుగేండ్ల తరువాత 'శ్రీరామరాజ్యం'లో వాల్మీకియై ఘంటము పట్టిరి. కథలు మరల పుట్టునప్పుడు మనుష్యులు కూడ వాటితో వయస్సు మారి మరల పుట్టుదురు కాబోలు.

కనుక మరల చెప్పవచ్చునా అను ప్రశ్నకు మన సంప్రదాయము ఎన్నడో సమాధానము చెప్పినది. చెప్పవచ్చును. ఎట్లు చెప్పవలెననునదియే మిగిలిన ప్రశ్న. దీనిని నాకు తెలిసిన భాషలో మనవి చేసెదను. క్రొత్త ఖాతా పుస్తకము తెరచినప్పుడు మొదటి పంక్తిలో వ్రాయవలసినది వెనుకటి నిలువ. నిలువ చూపక లెక్క మొదలిడువాడు మోసగాడు. నిలువ మాత్రము వ్రాసి, ఆ పైని ఒక్క పద్దును వ్రాయక యూరకుండువాడు సోమరి. పాత కథను పట్టినవాడు వెనుకటివారి నిలువను ఒప్పుకొనవలెను, తన జమను తాను చూపవలెను.

ఈ కొలతతో చూతము. 1963 నాటి చిత్రము 1934 నాటి నిలువను దాచలేదు. దానికి రంగులు జమయైనవి. ఘంటసాలవారి పద్యము జమయైనది. పద్యమును రాగము తీసి పాడుట నాటకరంగమున ఉన్నదే. కాని రాగమునకై మాట నలిగిపోకుండ, ప్రతి యక్షరము చెవిని పడునట్లు పాడుట వారి సొమ్ము. అందుచేతనే చదువురానివారు కూడ ఆ పద్యములను కంఠస్థము చేసిరి. మా యూరి గుడారములో ఆట మొదలగుటకు ముందు మైకుసెట్టులో ఆ పద్యములు మ్రోగుచుండ, కలుపు తీసి వచ్చు కూలీలు గట్టుమీద నిలిచి గొంతు కలుపుట నా చిన్నతనమున నేను విన్నాను. యతిప్రాసలన్న నేమో వారికి తెలియదు. కాని ఎక్కడ విరువవలెనో వారి ఊపిరికి తెలియును.

2011 నాటి చిత్రమున పాటకు పెద్దపీట, పద్యమునకు చిన్నపీట. అది తరుగు, తరుగును తరుగని వ్రాయక తప్పదు. ఇంకొక మాట. 1934లో నటించినవారే పాడిరి. 1963లో నటన యొకరిది, పాట యొకరిది. 2011లో సీత రూపము నయనతారగారిది, మాట గాయని సునీతగారిది. మొగము నుండి గొంతు క్రమక్రమముగా వేరుపడినది. అయినను తెర చీకటిలో చూచువానికి ఆ రెండును ఒక్క సీతగానే తోచుట కూడ నిజమే.

జమ వైపు ఏమున్నది? బాపుగారు చిత్రకారులు. జీవితమంతయు రామకథను గీసిన చేయి అది. 1976లోనే 'సీతాకల్యాణం' తీసినవారు. ఆయన తెరను బొమ్మవలె కూర్చిరి. కథను కేకలనుండి తప్పించి, మెల్లని మాటలోనికి తెచ్చిరి. రాముడు సీతను అడవికి పంపిన తరువాత ఆ పెద్ద మందిరములో ఒంటరిగా తిరుగాడుట చూచినప్పుడు, రాజధర్మమను మాట ఎంత బరువైనదో తెలియును. పాత చిత్రమున మనము ముఖ్యముగా సీతకై ఏడ్చితిమి. ఇందు సీతకును, ఆమెను పంపినవానికిని కలిపి ఏడ్చితిమి. పంపినవాడు ఏడ్చినంత మాత్రమున న్యాయము జరిగినట్లు కాదు. ఆ సంగతి వాల్మీకికి తెలియును కనుకనే సీత తుదకు రాముని యింటికి పోలేదు, తల్లి యింటికి పోయినది. చిత్రములు మారినను ఆ పద్దును ఎవరును కొట్టివేయలేదు, కొట్టివేయరాదు.

ఈ మాటలన్నియు ఇప్పుడు చెప్పుచున్నాను గాని, 2012లో నాకు ఇంత తెలివి లేకపోయెను. ఇక నా తప్పును మనవి చేసెదను.

ఆ యేడు శ్రీరామనవమి పందిరిలో పిల్లలచేత పాటలు పాడించితిమి. నేను వేదికపై కుర్చీలో కూర్చుంటిని. పదకొండేండ్ల బాలిక యొకతె వచ్చి, క్రొత్త చిత్రములో అయోధ్యా సంబరమున వచ్చు పాటను ఎత్తుకొన్నది. గొంతు చక్కనిది, శ్రుతి కుదిరినది. పల్లవి దాటి చరణమునకు పోవుచుండగా నేను చేయెత్తి ఆపితిని. "ఇది కాదమ్మా, అసలు లవకుశలోని పాట పాడుము" అంటిని. ఆమెకు రాదు. ఆ బాలిక మైకువైపు, నావైపు, తల్లివైపు చూచి, తలవంచుకొని దిగిపోయినది. నేను సభకు పాత చిత్రము గొప్పతనమును గూర్చి పావుగంట ఉపన్యసించితిని. కొందరు చప్పట్లు కూడ కొట్టిరి.

ఇంటికి వచ్చినంతనే మా యమ్మ అడిగినది: "ఏందిరా అబ్బాయ్, ఆ పిల్ల రాముడి పాట పాడిందా, రావణుడి పాట పాడిందా? ఎందుకాపావు?"

నేను ఘంటసాలను గూర్చి ఏదో చెప్పబోతిని. ఆమె వినలేదు. "మీ తాత కూడా ఇంతే. రంగుల లవకుశకి మమ్మల్నందర్నీ తీసకపోయి, సగంలో లేచి బయటికొచ్చి బీడీ ముట్టించాడు. రంగులు బాగానే ఉన్నయ్ గాని శ్రీరంజని ఏదిరా అన్నాడు. మీ నాన్న వారం రోజులు ఆయనతో మాట్లాడలా. ఇప్పుడు నువ్వు తాతవైనావు" అన్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లేచి వాల్మీకి బాలకాండమును తెరచితిని. నాలుగవ సర్గమున కుశలవులు అయోధ్యా వీథులలో పాడుచుండగా రాముడు చూచి, వారిని తన మందిరమునకు తీసికొని వచ్చి, తమ్ములతో కూడ వినును. పాడువారు ఎవరో ఆయనకు తెలియదు. పాడుచున్నది తన కథయే. అందు తన గొప్పయు నున్నది, తనకు తగులు ములుకును ఉన్నది. అయినను ఆయన ఆపలేదు. గానము సాగుచుండగా రాముడు మెల్లగా సభలోనివారితో కలిసి వినెనని అక్కడ నున్నది. సింహాసనముమీద నున్న గానము చక్కగా చెవికెక్కదని దిగి వచ్చెనని పెద్దలు వివరింతురు. ఆ సర్గమును అంతకు ముందెన్నిమార్లు చదివితినో! ఆ రాత్రి గాని నాకు అర్థము కాలేదు. ఎవని కథను పాడుచున్నారో ఆ రామచంద్రుడే పిల్లల పాటకై గద్దె దిగినాడు. ఆ కథకు హక్కుదారునివలె నేను కుర్చీలో కూర్చుండి చేయెత్తితిని.

మరునాడు ఆ బాలిక యింటికి పోయితిని. తల్లి మర్యాదగా మజ్జిగ ఇచ్చినది. బాలిక లోపలినుండి రాలేదు. "సిగ్గు పడుతోందండీ" అని తల్లి అన్నది. సిగ్గు పడవలసినది ఎవరో మా ఇద్దరికిని తెలియును. తరువాత ఆమె చదువునకై పట్టణమునకు పోయినది. పుష్కరము దాటినది. ఈ యూరి వేదికపై ఆమె మరల పాడగా నేను వినలేదు. నేడీ సభలో ఆమె లేదు. సంచికలో అచ్చైనదానిని ఎప్పుడైనను చూచునేమో యను ఆశతో ఈ పద్దును ఇక్కడ వ్రాయించుచున్నాను: తప్పు నాది, పాట చక్కనిది.

సోదరులారా, క్రొత్తదంతయు మంచిదని నేననను. పాతదానిని చూడకుండ, చదువకుండ, దాని పేరును మాత్రము వాడుకొనువారు కలరు. వారి లెక్క నిలువ చూపని లెక్క. కాని 'శ్రీరామరాజ్యం' తీసిన పెద్దలు నిలువ నెరిగినవారు. మనము చేయవలసినది పిల్లల నోరు మూయుట కాదు, వారి చేతికి నిలువ పుస్తకమును అందించుట. క్రొత్త పాట పాడిన పిల్లను కూర్చుండబెట్టి, "దీనికి ముందిట్లు పాడిరమ్మా" అని పాత పద్యము వినిపించియుండిన, ఆమె రెండును నేర్చుకొనియుండెడిది. ఇప్పుడు పాత చిత్రమును క్రొత్త చిత్రమును చేతిలోని ఫోనులోనే చూడవచ్చును, బండి కట్టనక్కరలేదు. చూపించు పెద్దలు కావలెను, అంతే.

కార్యవర్గమువారికి నాది రెండు విన్నపములు. తిక్కన నిర్వచనోత్తర రామాయణము, రంగనాథ రామాయణపు ఉత్తరకాండము, కంకంటి పాపరాజు ఉత్తర రామాయణము ఈ మూడింటిని ఒక్క అరలో ప్రక్కప్రక్కన ఉంచుడు. ఒకే కథను ఎందరు ఎన్ని విధముల చెప్పిరో పిల్లలు అట్టలు చూచియైనను తెలిసికొందురు. ఆ మూడు పుస్తకముల వెల నేను చెల్లింతును. రెండవది, వచ్చు శ్రీరామనవమికి మన గ్రంథాలయము ముందటనే పిల్లలచేత పాడింతము. ఏ చిత్రములోని పాటయైనను సరే, ఏ కావ్యములోని పద్యమైనను సరే. పాడువారు మాత్రమే వేదికపై ఉండవలెను.

నేను క్రింద చాపమీద కూర్చుందును.

సెలవు.